జరిగే అక్షరాలు

తెర మీద బొమ్మ కదలడంలో రెండు విధాలున్నాయి. ఒకటి గెంతడం, రెండవది జరగడం. కప్ప గెంతుతుంది, నీడ జరుగుతుంది. కప్ప ఇందాక ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో చెప్పగలం గాని మధ్యలో ఎక్కడుందో చెప్పలేం. నీడ అలా కాదు. అది ఎప్పుడు కదిలిందో తెలియదు, కాని కదలిందని తెలుస్తుంది. పాత ఇంటి కంప్యూటర్ల మీద ప్రోగ్రాములు రాసినవారు ఏళ్ల తరబడి పడిన తిప్పలన్నీ కప్పను నీడగా మార్చడానికే అంటే అతిశయోక్తి కాదు.

దీన్నే స్క్రోలింగ్ అంటారు. మాటకు మూలం చుట్టచుట్టిన పత్రం. మనకిది కొత్త ఊహ కాదు. చేర్యాల పటం పట్టుకుని కథ చెప్పేవారు పొడుగాటి గుడ్డను కొద్దికొద్దిగా విప్పుతూ పోతుంటే చూసేవారి ముందు కథ నడిచేది. పటం మీద గీసిన బొమ్మ ఎక్కడిదక్కడే ఉంటుంది. కదిలేది చుట్ట మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో తర్వాత పనుంది.

మా ఊరు పాతపట్నం. శ్రీకాకుళం జిల్లాకు ఒడిశా వైపు అంచు. నీలమణి దుర్గమ్మ గుడి, మహేంద్రతనయ నది, ఏరు దాటి కాస్త దూరం పోతే పర్లాకిమిడి. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడా చిన్న రైలు 1900 నుంచి మా ఊరి మీదుగా నడిచింది. రెండున్నర అడుగుల పట్టాలు. ఆ రైలు వేగం గురించి మా వైపు చెప్పుకోని హాస్యం లేదు. కాని కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఆ నిదానమే భాగ్యం. దగ్గరి తాటిచెట్లు చకచకా వెనక్కి పోయేవి, పొలాలు మెల్లగా పోయేవి, దూరాన కొండలు అసలు కదలనట్టే ఉండి, కాసేపటికి చూస్తే స్థానం మారి ఉండేవి. 1982లో మూన్ పెట్రోల్ అనే ఆటలో వెనక కొండలను ఒక వేగంతో, ముందరి నేలను మరో వేగంతో జరిపి ప్రపంచాన్ని మెప్పించారని తర్వాతెప్పుడో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది టెక్కలి, పాతపట్నం మధ్యన ఆ కిటికీయే. ఆ చిన్న రైలు 2004లో ఆగింది. 2010లో పెద్ద పట్టాల మీద పర్లాకిమిడి దాకా రైలు మళ్లీ వచ్చింది. ఇప్పుడు కొండలు కూడా త్వరగానే వెళ్లిపోతున్నాయి.

ఇక అసలు విషయం. మా నాన్నగారు తెలుగు మాస్టారు. బడిలో గ్రాంథికం, ఇంట్లో మా వైపు యాస. ఆయన చేతిరాత గుండ్రటి ముత్యాల కోవ. ఉద్యోగ విరమణ తర్వాత కొన్నాళ్లకే కంటి నడిమి చూపు పోవడం మొదలైంది. పక్కచూపు ఉంది. గదిలో నడవగలరు, మనిషి ఆకారాన్ని పోల్చుకోగలరు. కాని దేన్ని సూటిగా చూస్తే అది మాయమవుతుంది. పుస్తకం పట్టుకుంటే చూస్తున్న అక్షరం తప్ప చుట్టూ ఉన్న అక్షరాలన్నీ ఉంటాయి. చదువే వృత్తిగా బతికిన మనిషికి ఇంతకంటే ఎగతాళి ఏముంటుంది?

ఇంట్లో ఎవరో ఒకరం పత్రిక చదివి వినిపించేవాళ్లం. ఖరగ్‌పూర్ నుంచి మేనత్త రాసే ఉత్తరాలు కూడా అలాగే. ఆయన వినేవారు, తల ఊపేవారు. ఒకనాడు మాత్రం అన్నారు: "మీరు సదివితే ఇన్నట్టుంటాది గానీ, సదివినట్టుండదురా."

1991 నాటికి నా దగ్గర విశాఖపట్నంలో చేతులు మారి వచ్చిన స్పెక్ట్రమ్ ఒకటుండేది. సింక్లెయిర్ కంపెనీ 1982లో ఇంగ్లండులో విడుదల చేసిన ఆ కంప్యూటరును మన దేశంలో పుణేలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ వారు 1986లో డీబీ స్పెక్ట్రమ్ పేరుతో తెచ్చారు. 48 కిలోబైట్ల జ్ఞాపకం, జెడ్80 ప్రాసెసర్, తెరగా ఇంట్లో టీవీ, డిస్కుకు బదులు పాటల క్యాసెట్టు. నిండుగా ఉన్న ప్రోగ్రాము క్యాసెట్టు నుంచి ఎక్కడానికి ఐదు నిమిషాల దాకా పట్టేది. ఈలోగా కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి.

టీవీ తెరంత అక్షరాలైతే నాన్నగారు పక్కచూపుతో పోల్చుకోగలరు. అంత పెద్ద అక్షరాలు తెర మీద ఐదారుకు మించి పట్టవు. కనుక అవి వరుసగా రావాలి, పోవాలి. ఆయన కంటిని ఒకచోట నిలిపి ఉంచుతారు, అక్షరాలే ఆయన దగ్గరికి నడిచిరావాలి. మొదట బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాము ఎనిమిదేసి చుక్కల చొప్పున అక్షరాలను ఎడమకు నెట్టేది. ఆయన రెండు నిమిషాలు చూసి కళ్లు మూసుకున్నారు. "ఏట్రా ఇది, అచ్చరాలు గంతులేస్తన్నాయి. నేను పట్టుకునేలోగా ఎగిరిపోతన్నాయి."

ఆరోగ్యమైన కన్ను గెంతును సర్దుకుంటుంది. ఆయన కన్ను సర్దుకోలేదు. అంటే నున్నగా జరగడమన్నది అలంకారం కాదు, అదే ఉంటే చదువు, లేకపోతే తలనొప్పి. ఆటల్లో నున్నదనం గొప్ప చెప్పుకోవడానికైతే, మా ఇంట్లో అది అవసరం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. చదువరులు విసుక్కోకుండా నాతో రండి.

స్పెక్ట్రమ్ తెర అడ్డంగా 256 చుక్కలు, నిలువుగా 192. చుక్కకొక బిట్టు, బైటుకు ఎనిమిది చుక్కలు. వరుసకు 32 బైట్లు, మొత్తం 6144 బైట్లు. బొమ్మను ఒక్క చుక్క ఎడమకు జరపాలంటే ప్రతి వరుసలోనూ కుడి చివరి బైటు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క బైటునూ ఒక బిట్టు ఎడమకు తిప్పాలి. ఎడమ అంచున బయటపడిన బిట్టు పక్క బైటులోకి కుడివైపు నుంచి చేరాలి. కూడికలో పక్క స్థానానికి మోసుకుపోయే అంకె ఉంటుంది చూడండి, సరిగ్గా అదే. ప్రాసెసరులో ఆ అంకెకు ఒక గూడు ఉంది, దాని పేరు క్యారీ. నాన్నగారికి ఇది చెబితే, "ఒకటో తరగతి పిల్లలకు నేను చెప్పిందే గదా" అన్నారు.

ఒక బైటును అలా తిప్పడానికి 15 టిక్కులు, పక్క బైటుకు పోవడానికి 4. మొత్తం 19. వరుసకు 32 బైట్లు గనక 608 టిక్కులు. 192 వరుసలకు 1,16,736. టీవీ తెర సెకనుకు 50 సార్లు కొత్తగా గీయబడుతుంది. ఒక్కో గీతకు మధ్య ప్రాసెసరుకు దొరికేది 69,888 టిక్కులు. అంటే మొత్తం తెరను ఒక్క చుక్క జరిపే పని ఒక గీత కాలంలో పూర్తికాదు. పూర్తికాకపోతే రెండేసి గీతలకొకసారి జరపాలి. అప్పుడు కదలిక మళ్లీ కుంటుతుంది.

అయితే మూడో వంతు తెరను, అంటే 64 వరుసలను జరపాలంటే 38,912 టిక్కులు. పై ఖర్చులు కలుపుకున్నా ఇది సరిపోతుంది. స్పెక్ట్రమ్ తెర జ్ఞాపకం కూడా విచిత్రంగా మూడు సమభాగాలుగానే, ఒక్కోటి 2048 బైట్ల చొప్పున అమర్చి ఉంటుంది. అలా నాన్నగారి అక్షరం ఎత్తు 64 చుక్కలని తేలింది. ఇది నేను నిర్ణయించింది కాదు, గడియారం నిర్ణయించింది.

ఇంకో చిక్కుంది. టీవీలో గీసే కిరణం పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది. మనం మార్చుతున్న వరుసలను అది మధ్యలో దాటిందంటే అక్షరం పై సగం కొత్త చోట, కింది సగం పాత చోట కనబడుతుంది. పట్టీని తెర పైభాగంలో పెట్టామనుకోండి. కొత్త గీత సంకేతం వచ్చిన 14,336 టిక్కులకు కిరణం బొమ్మ పై అంచు చేరుతుంది, ఆపైన వరుసకు 224 టిక్కుల చొప్పున దిగుతుంది. మన ప్రోగ్రాముకు వరుసకు ఆరువందల పైచిలుకు పడుతుంది. ముప్పయ్యో వరుస దాటేసరికి కిరణం మనల్ని దాటిపోతుంది. సరిగ్గా అక్షరం నడుము దగ్గర సన్నటి బీట. అదే పట్టీని తెర కింది మూడో భాగంలో పెడితే కిరణం అక్కడికి రావడానికే 43,008 టిక్కులు. అప్పటికి మనం చాలా వరుసలు ముగించి ఉంటాం. చివరి వరుస దాకా కిరణం మన వెనకే ఉంటుంది. తెరలో వీడియో జ్ఞాపకాన్ని చదివే చిప్పు అప్పుడప్పుడు ప్రాసెసరును నిలబెడుతుంది, ఆ ఆలస్యాన్ని కలుపుకున్నా దూరం మిగులుతుంది. అందుకే మా ఇంట్లో తెలుగు ఎప్పుడూ టీవీ అడుగుభాగానే నడిచింది. పైన రెండొంతులు చీకటి.

పరిమాణానికి, వేగానికి బేరం ఉంది. 64 వరుసలను ఒక చుక్క జరపడానికి ఎంత పనో 32 వరుసలను రెండు చుక్కలు జరపడానికీ అంతే పని. అక్షరం సగానికి తగ్గితే వేగం రెట్టింపవుతుంది. ఏది కావాలని నాన్నగారినే అడిగాను. "పెద్దయ్యే ఉండనీ. నాకు తొందరేటుంది?" అన్నారు. సెకనుకు 50 చుక్కలు, అక్షరానికి 40 చుక్కలు. ఆరువందల అక్షరాల ఉత్తరం నడిచి వెళ్లడానికి ఎనిమిది నిమిషాలు.

ఇక అక్షరాలు. ఆ యంత్రానికి తెలుగు రాదు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది 1991లోనే అయినా ఆ సంగతి మా దాకా రావడానికి చాలా కాలం పట్టింది. కనుక అక్షరాన్ని బొమ్మగానే గీయాలి. ఎవరి అక్షరం? అచ్చు అక్షరాలను నకలు తీయడం కంటే నాన్నగారు బడి పిల్లలకోసం ఒకప్పుడు రాసిపెట్టిన చూచిరాత పుస్తకాలు నయమనిపించాయి. వాటిని గళ్ల కాగితం మీదికి ఎక్కించాను. గుణింతాలూ ఒత్తులూ కలిపి గీస్తే వేల బొమ్మలవుతాయి, 48 కిలోబైట్లలో పట్టవు. అందుకని 64 వరుసలను మూడు అంతస్తులు చేశాను. పైన 16 వరుసలు తలకట్టు, గుడి, ఎత్వాలకు. నడుమ 32 అక్షరం ఒడలికి. కింద 16 ఒత్తులకు. అచ్చాఫీసులో కంపోజిటర్లు సీసపు ముక్కలు కూర్చినట్టే. ఒడలికి 160 బైట్లు, 60 ఒడళ్లు. పై గుర్తుకు 80, అవి 15. ఒత్తుకు 80, అవి 35. వెరసి 13,600 బైట్లు.

అక్షరం తెర మీదికి వచ్చే పద్ధతి కూడా చెప్పాలి. రాబోయే అక్షరం ఎనిమిది చుక్కల వెడల్పున నిలువు చీలికగా 64 బైట్ల వరుసలో, తెర బయట వేచి ఉంటుంది. ప్రతి గీతకూ అందులోంచి వరుసకొక బిట్టు క్యారీ గూటిలోకి వచ్చి, అక్కణ్నుంచి తెర కుడి అంచున ప్రవేశిస్తుంది. ఎడమ అంచున అంతే మేర ఒక బిట్టు రాలిపోతుంది. రాలిపోయినదాన్ని దాచుకోవడానికి చోటు లేదు.

మేనత్త ఉత్తరం మొదటిసారి ఎక్కించినప్పుడు నాకొక సంకోచం ఉండేది. ఉత్తరం ఆయనది. అంకెలుగా మార్చి కొట్టాలంటే ముందు నేను చూడాలి. కాని అక్షరానికి రెండు మూడు అంకెలు చొప్పున కొడుతున్నప్పుడు ఒక వింత జరుగుతుంది. అర్థం వెనక్కి జరిగి వర్ణక్రమం ముందుకొస్తుంది. వాక్యం కనబడదు, అక్షరమే కనబడుతుంది. అందువల్ల అత్త ఎలా రాసిందో అలాగే కొట్టాను.

అంతకుముందే ఆ ఉత్తరాన్ని ఇంట్లో రెండుసార్లు ఆయనకు చదివి వినిపించారు. మామయ్య రైల్వేలో విరమణ పుచ్చుకుంటున్నారనీ, ఊరికి తిరిగిరాకుండా అక్కడే ఇల్లు కట్టుకుంటారనీ, ఇక్కడి ఇంట్లో తన వాటా సంగతి అన్నయ్యే తేల్చాలనీ సారాంశం. విన్న రెండుసార్లూ నాన్నగారు ఏమీ అనలేదు. మూడోసారి ఆయనే చదివారు. నడిమి చూపు పోయిన కన్ను కాబట్టి తల కాస్త పక్కకు తిప్పి, టీవీకి మూరెడు దూరంలో పీట వేసుకుని కూర్చున్నారు. ఒక మీట నొక్కి పట్టుకుంటే పట్టీ ఆగుతుంది, వదిలితే నడుస్తుంది. అది ఆయన అడిగిన సౌకర్యమే. రెండో వాక్యం రాకముందే ఆగింది.

"అన్నియ్య అని రాసిందిరా" అన్నారు.

చదివి వినిపించేవారి నోట్లో ఎవరి ఉత్తరమైనా వారి భాషలోకి మారిపోతుంది. చదివినవారు అన్నయ్య అనే చదివారు. అత్త మాత్రం చిన్నప్పుడు ఏమని పిలిచేదో అదే రాసింది. వాటా గురించిన ఉత్తరంలో అంత చిన్న మాటకు ఉన్న బరువు ఏమిటో చెవికి అందలేదు, కంటికి అందింది. ఆ మాట తెర మీద చాలాసేపు నిలబడింది. నేను అవతలి గదిలోకి వెళ్లిపోయాను. ఎనిమిది నిమిషాల ఉత్తరం ఆ సాయంత్రం అరగంటకు పైగా నడిచింది. తర్వాత ఆయన చెప్పగా నేను రాసిన జవాబులో వాటా సంగతి చివరి వాక్యంలో మాత్రమే ఉంది.

అప్పట్లో ఇతర యంత్రాలు ఇదే పనిని ఎలా చేసేవో తర్వాత తెలుసుకున్నాను. 1984లో మన దేశంలో బడుల కోసం మొదలైన క్లాస్ పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రోలో తెర బొమ్మ 20 కిలోబైట్ల దాకా ఉండేది. దాన్ని బైటు వెంట బైటుగా మోస్తే సెకనుకు ఏడెనిమిది సార్లకు మించి కదలదు. కాని అందులోని 6845 చిప్పుకు బొమ్మ ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలో చెప్పే రెండు అరలుండేవి. ఆ అంకె ఒకటి మారిస్తే చాలు, తెరంతా ఒక నిలువు బద్ద మేర జరిగిపోయేది. కొత్తగా గీయాల్సింది అంచున ఒక్క బద్దే. కామడోర్ 64లో బొమ్మను ఏడు చుక్కల దాకా నున్నగా జరిపే అర చిప్పులోనే ఉంది. ఎనిమిదో చుక్కకు మాత్రం జ్ఞాపకంలోని బొమ్మను మార్చి, అరను మళ్లీ మొదటికి తేవాలి. ఆటల కోసం పుట్టని ఐబీఎం పీసీ మీద 1990లో జాన్ కార్మాక్ ఇలాంటి ఉపాయమే చేశాడు. మొదలుపెట్టే చోటును మార్చి, ముందరి బొమ్మకూ ఇప్పటి బొమ్మకూ తేడా ఉన్న పలకలను మాత్రమే తిరిగి గీశాడు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన కమాండర్ కీన్ ఆట దాని మీదే నడిచింది.

చేర్యాల పటం సంగతి గుర్తుంచుకోమన్నాను. వీటన్నిటి వెనక ఉన్న ఉపాయం అదే. బొమ్మను కదపకుండా చూసే చోటును కదపడం. రైలు కిటికీలో పాతపట్నం కదిలినట్టే కనబడుతుంది గాని, ఊరు ఎక్కడిదక్కడే ఉంటుంది. స్పెక్ట్రమ్‌కు ఆ సౌకర్యం లేదు. దానికి కిటికీ లేదు, ఊరినే మోయాలి. ప్రతి సెకనూ 50 సార్లు, రెండు వేల బైట్లు. బీదవాళ్ల యంత్రం బీదవాళ్లలాగే పనిచేసింది, చేత్తో మోసి.

నాన్నగారు 1998లో పోయారు. చూచిరాత పుస్తకాలు అంతకుముందే చెదలపాలయ్యాయి. క్యాసెట్టు మాత్రం మిగిలింది. దానిలోని మోతను కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ మోతనుంచి బైట్లు తిరిగి రాబట్టడం ఇప్పుడు కష్టమైన పని కాదు. స్పెక్ట్రమ్‌ను అనుకరించే ప్రోగ్రాములూ దొరుకుతాయి. అలా మా అమ్మాయి ల్యాప్‌టాప్ మీద ఆ పట్టీని మళ్లీ నడిపించాను.

అక్షరాలు కుంటాయి. కారణం వెతికితే సులువుగానే దొరికింది. పాత టీవీ సెకనుకు 50 సార్లు గీసేది, ఈ ల్యాప్‌టాప్ తెర 60 సార్లు గీస్తుంది. ప్రతి ఐదు బొమ్మల్లో ఒకదాన్ని రెండుసార్లు చూపిస్తే గాని లెక్క కుదరదు. అదే ఆ కుంటు. వేల రెట్లు వేగమైన యంత్రం ఒక పాత క్యాసెట్టు ముందు ఇలా తడబడటం చూసి మా అమ్మాయి నవ్వింది. తెర అమరికల్లో వెతికి, మరో తెర తగిలించి 50కి మార్చింది. కుంటు పోయింది. తెర అడుగున నల్లటి పట్టీలో కుడి అంచునుంచి ఒక 'అ' మెల్లగా లోపలికి జరిగింది, దాని వెనక తోక కింద 'న' ఒత్తు పెట్టుకున్న 'ని'.

"ఇది ఎవరి ఫాంటు నాన్నా?" అని అడిగింది.

మీ తాతగారిది అని చెప్పాను. ఆయన రాతలో మాకు మిగిలినవి ఆ 13,600 బైట్లే. ఇప్పుడవి ఆమె దగ్గర ఉన్నాయి.